హైదరాబాద్‌లో వేసవి ఎప్పుడు ముగుస్తుంది?

సాధారణంగా జూన్ మొదటి పక్షంలో ఏదో ఒకరోజు నైరుతి రుతుపవనాలు తెలంగాణలోకి ప్రవేశించాయని వాతావరణ శాఖ ప్రకటిస్తుంది. మర్నాడు పత్రికల్లో గొడుగుల ఫొటోలు పడతాయి, 12వ తేదీకి బడులు తెరుస్తారు, కూలర్‌ను తుడిచి ఎక్కడ సర్దాలన్న ఆలోచన ఇళ్లలో మొదలవుతుంది. లెక్క ప్రకారం వేసవి అయిపోయినట్టే. అయితే హైదరాబాద్‌లో ఆ ప్రకటన వెలువడ్డాక కూడా వారాల తరబడి రాత్రిళ్లు చెమటతో నిద్ర పట్టదు, అపార్ట్‌మెంట్ల ముందు నీళ్ల ట్యాంకర్లు ఆగుతూనే ఉంటాయి, మేలో ఎండిన బోరులో జులైలో కూడా నీళ్లు రావు. ఎండ తగ్గడం, వాన పడటం, నీటి ఎద్దడి తీరడం ఒకేసారి జరుగుతాయనుకోవడం అందరికీ అలవాటే గానీ, ఈ నగరం ఉన్న చోటునూ దాని కింద ఉన్న రాయినీ చూస్తే అవి మూడూ వేర్వేరు కారణాల వల్ల, వేర్వేరు తేదీల్లో జరిగేవని తెలుస్తుంది. నగరపాలన మాత్రం మూడింటికీ ఒకే ముహూర్తం పెట్టుకుని కూర్చుంటుంది. ఏటా ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

ముందుగా ఎండ సంగతి. హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది. బంగాళాఖాతం తీరం ఎంత దగ్గరి దారిన చూసినా 250 కిలోమీటర్ల పైచిలుకే. మార్చి నుంచి ఇక్కడికి వీచేది ఎక్కువగా వాయవ్య గాలి. రాజస్థాన్, మధ్యప్రదేశ్, విదర్భల ఎండిన నేల మీదుగా వచ్చే ఆ గాలిలో తేమ బహు తక్కువ. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో అది 20, 25 శాతానికి పడిపోవడం మామూలే. మే నెలలో సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 39, 40 డిగ్రీల దగ్గర ఉంటుంది. బేగంపేట వాతావరణ కేంద్రంలో ఇంతవరకు నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు. అది నడి మేలో నమోదైనది కాదు, 1966 జూన్ 2న నమోదైంది. ఈ తేదీని కాస్త ఆగి చూడాలి. మే రెండో వారంలో సూర్యుడు హైదరాబాద్‌కు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా పాతిన కర్రకు మధ్యాహ్నం కొద్ది నిమిషాలు నీడే పడదు. ఆ తర్వాత కూడా జూన్ 21 దాకా పగలు పెరుగుతూనే ఉంటుంది. అంటే ఎండ తనంతట తాను తగ్గే ఏర్పాటు ఏదీ మే చివర్లో గానీ జూన్ మొదట్లో గానీ లేదు. మబ్బు వచ్చి కమ్మితేనే తగ్గుతుంది, రాకపోతే అంతకంతకూ పెరుగుతుంది. కాబట్టి రుతుపవనాలు పది రోజులు ఆలస్యమైతే వాటి కోసం మరో పది రోజులు ఎదురుచూడటంతో సరిపోదు, వేసవిలో కెల్లా గట్టి ఎండను మరో పది రోజులు భరించాల్సి వస్తుంది.

పొడి ఎండకు ఒక మంచి గుణం ఉంది, లేదా ఉండేది. గాలిలో తేమా మబ్బూ లేనప్పుడు పగలు పట్టిన వేడి రాత్రి ఆకాశంలోకి త్వరగా పోతుంది. పీఠభూమి మీద ఎత్తున ఉన్న ఊరు కావడంతో సాయంత్రం దాటాక హైదరాబాద్ చల్లబడేదని పాతవాళ్లు చెప్పే మాటలో అతిశయోక్తి పెద్దగా లేదు. డంగు సున్నపు గోడలు, ఎత్తయిన కప్పులు, ఇంటి వెనుక వేపచెట్టు ఉన్న రోజులకు ఆ వాతావరణం సరిపోయింది. ఇప్పుడు పగటి వేడిని పట్టుకుని కూర్చునేవి కాంక్రీటు స్లాబులు, తారు రోడ్లు. మధ్యాహ్నం రెండింటికి స్లాబు పై ముఖానికి పట్టిన వేడి దాని మందంలోంచి దిగి లోపలి గదికి చేరేసరికి గంటలు గడుస్తాయి. అందుకే పై అంతస్తులో ఉండేవారికి అసలు బాధ పగటిపూట కంటే రాత్రి తొమ్మిది, పది గంటలకు మొదలవుతుంది: బయట గాలి చల్లబడుతున్నా ఫ్యాన్ తిప్పేది కప్పు నుంచి దిగిన వేడినే. ట్యాంకు మిద్దె మీదే ఉంటుంది కాబట్టి నల్లా విప్పితే రాత్రి పదకొండింటికి కూడా వేణ్నీళ్లే వస్తాయి.

దీనికి మందు తెలియనిదేమీ కాదు. తెల్లటి సున్నమో, ఎండను తిప్పికొట్టే పెయింటో వేస్తే స్లాబు పట్టే వేడి బాగా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఐదేళ్ల కాలానికి చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది కూడా. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ 600 గజాలకు మించిన నివాస భవనాలకూ దాన్ని తప్పనిసరి చేసి, అంతకన్నా చిన్నవాటికి ఐచ్ఛికంగా వదిలారు. అయితే 600 గజాల్లో ఇల్లు కట్టుకునేవారి దగ్గర ఏసీ ఎలాగూ ఉంటుంది. బస్తీల్లో 60 గజాల మీద వేసిన రేకుల ఇళ్లలో మధ్యాహ్నం లోపలి వేడి బయటి నీడకంటే ఎక్కువగా ఉంటుంది, విధానం చేరాల్సిన మొదటి చోటు అదే. అక్కడ ఇంటి యజమాని ఒకరు, ఉండేది మరొకరు కావడంతో సున్నం ఖర్చు ఎవరిదన్న ప్రశ్న దగ్గరే పని ఆగిపోతుంది.

ఎండ కూడా బయట పని చేసేవారినే ఎంచుకుని కొడుతుంది. ఉదయం అడ్డా మీద నిలబడే కూలీలు, రోడ్లు ఊడ్చేవారు, తోపుడు బండ్లవారు, డెలివరీ కుర్రాళ్లు మధ్యాహ్నం లోపలికి వెళ్లలేరు. ఏప్రిల్ వచ్చిందంటే సిగ్నళ్ల దగ్గర ఒక దృశ్యం కనిపిస్తుంది: ఎర్ర లైటు పడగానే బైకులు గీత దాకా రావు, ఎక్కడో వెనుక ఫ్లైఓవర్ నీడో, ఒంటి చెట్టు నీడో ముగిసే చోట ఆగుతాయి. ముందున్న రోడ్డు ఖాళీగా మెరుస్తుంటుంది, పచ్చ లైటు పడ్డాకే అందరూ ఒక్కసారిగా కదులుతారు. ఉత్తర్వుతో పనిలేకుండా జనం తమంతట తాము చేసుకున్న సర్దుబాటు అది. చలివేంద్రాల్లోని రంజన్లు, రోడ్డు పక్క జొన్న అంబలి, మజ్జిగ, తాటి ముంజలు ఇలాంటి సర్దుబాట్లే. వీటిలో అంబలికి, మజ్జిగకు ఉన్న బలం ఉప్పుది. చెమటలో పోయేది నీరొక్కటే కాదు కాబట్టి వట్టి నీళ్లు లీటర్ల కొద్దీ తాగినా నీరసం తీరదు.

2015 మే నెల వడగాడ్పుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. తెలంగాణ ప్రభుత్వం 2025లో వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, వడదెబ్బతో మరణించినవారి కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. ఇది పెద్ద అడుగే. కానీ వడదెబ్బ మరణమని నిర్ధారించడం అంత సులువు కాదు. ఎండ చాలాసార్లు గుండెజబ్బునో, మూత్రపిండాల జబ్బునో ముదిరించి ప్రాణం తీస్తుంది, కాగితం మీద ఆ జబ్బు పేరే పడుతుంది.

వేసవి మధ్యలో వచ్చే గాలివానలను వాన రాకగా పొరబడకూడదు. ఏప్రిల్, మే నెలల్లో విదర్భ నుంచి తెలంగాణ, కర్ణాటకల మీదుగా తమిళనాడు దాకా ఉపరితల ద్రోణి, అంటే గాలి పీడనం తక్కువగా ఉండే పొడవాటి పట్టీ, ఏర్పడుతుంటుంది. దానికి ఒక పక్క పొడి గాలి, మరో పక్క బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలి ఉంటాయి. కాగిన నేల మీద ఈ తేమ గాలి సాయంత్రానికల్లా నిట్టనిలువుగా పైకి లేచి క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం అవుతుంది. గంట ముందు 41 డిగ్రీలున్న చోట వడగళ్లు పడతాయి. ఈదురుగాలికి తురాయి కొమ్మలు తీగల మీద విరిగి పడి కరెంటు పోతుంది. కాండం దాకా సిమెంటు పోసి వేళ్లను ఊపిరాడకుండా చేసిన చెట్లు వేళ్లతో సహా ఒరుగుతాయి. రెండు రోజులు చల్లగా ఉండి, మూడోనాటికి ఎండ మళ్లీ మొదటికి వస్తుంది. ఉగాది తర్వాత పడే ఈ అకాల వర్షం మామిడి రైతును ముంచుతుంది, కల్లాల్లో వడ్లను తడుపుతుంది. నగరానికి ఒరిగేది ఒక చల్లని సాయంత్రం మాత్రమే, చెరువులకు ఒరిగేది దాదాపు ఏమీ లేదు. మే నెలలో నీటి ఉపరితలం నుంచి రోజుకు సెంటీమీటరు అటూ ఇటూ ఆవిరైపోతుంది కాబట్టి, ఒక సాయంత్రం పడ్డ రెండు, మూడు సెంటీమీటర్ల వాన వారం తిరక్కుండానే లెక్కలోంచి పోతుంది.

అసలు రాకను తెలుగువారు కార్తెలతో లెక్కపెట్టారు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల కాలం ఒక కార్తె. చాంద్రమాన పండుగలు ఏటా ముందుకూ వెనక్కూ జరుగుతాయి గానీ సూర్యుణ్ని పట్టుకున్న కార్తెలు జరగవు, ఏటా దాదాపు అవే తేదీలు. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది, రోళ్లు పగిలే ఎండలని దానికి పేరు. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర ప్రవేశిస్తుంది, తెలంగాణ పల్లెల్లో దాన్నే మిరుగు అంటారు. రుతుపవనాలు హైదరాబాద్‌ను తాకే సగటు తేదీ కూడా జూన్ రెండో వారమే కావడం యాదృచ్ఛికం కాదు; తరాల తరబడి వానను చూసి కట్టిన లెక్క అది. మిరుగు రోజున నగరంలో చేపల మార్కెట్లు కిక్కిరిసిపోతాయి. ఆ పూట చేప తినాలన్నది ఆనవాయితీ. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం చేప ప్రసాదం పంచేదీ అప్పుడే. ఆస్తమాకు అది పనిచేస్తుందన్నదానికి శాస్త్రీయ ఆధారం లేదు. అయితే ఉబ్బసం ఉన్నవారికి తేమ గాలితో కష్టాలు మొదలయ్యే రోజులు అవేనన్నది మాత్రం నిజం.

సగటు తేదీ నిజంగా సగటే. 2023లో కేరళకే రుతుపవనాలు వారం ఆలస్యంగా జూన్ 8న వచ్చాయి, తెలంగాణకు చేరేసరికి జూన్ మూడో వారం దాటింది. 2025లో అవి మే 24నే కేరళను తాకి, ఆ నెలాఖరులోపే తెలంగాణలోకి వచ్చేశాయి. రోహిణి ఎండలు తప్పాయని జనం సంతోషించారు, కానీ ఆ తర్వాత జూన్‌లో వానలు ముఖం చాటేశాయి. త్వరగా రావడానికీ బాగా కురవడానికీ సంబంధం లేదు. వచ్చిన తేదీకి పత్రికలిచ్చే ప్రాముఖ్యం తర్వాతి నలభై రోజులకు ఇస్తే పాఠకులకు మరింత మేలు జరుగుతుంది.

ఇక ఎండ తగ్గాక వచ్చే ఉక్కపోత. దీన్ని అర్థం చేసుకోవడానికి కిటికీలో కూర్చున్న కూలర్‌ను మించిన పరికరం లేదు. కూలర్ చల్లని గాలిని పుట్టించదు, తడిసిన గడ్డి ప్యాడ్ల గుండా పొడి గాలిని లాగి, నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరికి కావలసిన వేడిని గాలిలోంచే తీసుకుంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత పని చేస్తుంది. మే నెలలో 42 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం ఆవిరి ద్వారా గాలిని చల్లబరచగల హద్దు సుమారు 24 డిగ్రీలు. ఓ మోస్తరు మంచి కూలర్ ఆ హద్దుకు నూటికి 80 పాళ్లు దగ్గరగా వెళ్తుంది, అంటే గదిలోకి 28 డిగ్రీల గాలి వస్తుంది. జూన్ రెండో వారానికి ఎండ 34కు తగ్గి, తేమ 65 శాతానికి పెరిగిందనుకుంటే ఆ హద్దు 28 దాటుతుంది, అదే కూలర్ ఇప్పుడు ఇచ్చేది 29, 30 డిగ్రీల జిడ్డు గాలి. బయట ఎనిమిది డిగ్రీలు తగ్గినా, కూలర్ ముందు కూర్చున్న మనిషికి వేడి పెరిగిందన్నమాట. కూలర్ చెడిపోయిందని మెకానిక్‌ను పిలిచే ఇళ్లు ఆ వారంలోనే ఎక్కువ. మనిషి ఒంటి మీద చెమటది కూడా ఇదే సూత్రం. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, అది ఆరితేనే చల్లబడుతుంది. కాబట్టి ఉష్ణోగ్రత అంకె ఒక్కటే చూసి హెచ్చరికలు ఎత్తివేయడం పొరపాటు. బరువు పని చేసే కూలీకి జూన్ మొదటి పక్షపు 36 డిగ్రీలు ఏప్రిల్ 40 కంటే ప్రమాదకరంగా ఉండగలవు. ఏసీ లేని, కూలర్ మాత్రమే ఉన్న మధ్యతరగతి, దిగువ మధ్యతరగతి ఇళ్లకు వేసవి చివరి ఘట్టం ఇదే. గాలి గట్టిగా తిరిగి మబ్బు నిలకడగా పట్టేదాకా, అంటే జూన్ మూడో వారం దాకా, ఒక్కోసారి నెలాఖరు దాకా ఈ బాధ తప్పదు.

మబ్బు పట్టాక కూడా వాన వెంటనే విరివిగా పడదు. నైరుతి గాలి అరేబియా సముద్రం నుంచి తెచ్చే తేమలో పెద్ద వాటా పడమటి కనుమల అవతలే కురిసిపోతుంది. కనుమలు దాటి దిగిన గాలికి హైదరాబాద్ కొంతవరకు వర్షచ్ఛాయలోనే ఉంటుంది. జూన్ చివరా, జులై మొదట్లో నగరంలో కనిపించేది రోజంతా బలంగా వీచే పడమటి గాలి, పరుగెత్తే మబ్బులు, తారు తడిసీ తడవనట్టు పడే తుంపర. ఏడాదికి సగటున కురిసే 80 సెంటీమీటర్ల చిల్లరలో జూన్ వాటా పది, పదకొండు సెంటీమీటర్లే. గట్టి వానలు పడాలంటే బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి పడమరకు కదలాలి. అవి జులై రెండో పక్షం నుంచి సెప్టెంబరు దాకా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. నగరానికి నీళ్లిచ్చేవి ఆ వానలే, నగరాన్ని ముంచేవీ అవే.

నీళ్ల కథకు వచ్చేసరికి నేల కిందికి దిగాలి. హైదరాబాద్ కూర్చున్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ రాతి మీద. ఇసుక నేలల్లోలాగా దానికి నీటిని పీల్చి దాచుకునే గుణం లేదు. పైన పది, ఇరవై మీటర్ల మేర శిథిలమై మెత్తబడిన పొర, దాని కింద రాతిలో అక్కడక్కడా పగుళ్లు. నీరు నిలిచేది ఈ రెండు చోట్లే. పూర్వపు దిగుడు బావులన్నీ పై పొర నీటి మీద బతికాయి. మాదాపూర్, కొండాపూర్, కూకట్‌పల్లి వైపు బోర్లు ఇప్పుడు వెయ్యి అడుగులు దాటి దిగుతున్నాయంటే, పై పొర ఎండిపోయిందనీ, పగుళ్లలో తరాలుగా నిలిచిన నీటిని తోడుతున్నారనీ అర్థం. పగులు తగిలిన బోరుకు నీళ్లుంటాయి, పక్కింటి బోరు దుమ్ము ఎగజిమ్ముతుంది. అది అదృష్టమో వాస్తో కాదు, రాయి ఎక్కడ విరిగిందన్నది మాత్రమే.

తొలకరికి బోరు ఎందుకు నిండదో కూడా ఇక్కడే తెలుస్తుంది. నాలుగు నెలలు ఎండిన మట్టి మొదట తన దాహం తీర్చుకుంటుంది. పై మట్టి పూర్తిగా తడిసి మిగిలాకే నీరు కిందికి దిగుతుంది. ఈ రాతి నేలల్లో ఏడాది వానలో భూగర్భానికి చేరేది పదో వంతు అటూ ఇటూ అని అంచనా. జూన్‌లో పడ్డ పది సెంటీమీటర్లలో చాలా భాగం తిరిగి గాలిలోకే పోతుంది. భూగర్భ జలమట్టం మే నెలలో అట్టడుగుకు చేరి, ఆగస్టు నుంచి మెల్లగా లేచి, అక్టోబరు, నవంబరు నాటికి గరిష్ఠానికి వస్తుంది. వాన మొదలైన రోజుకూ బోరు కోలుకున్న రోజుకూ మధ్య రెండు, మూడు నెలల ఎడం ఈ రాయి పెట్టింది. ఆ ఎడాన్ని పూరించేది ట్యాంకర్. నల్లా నీళ్లు రోజు మార్చి రోజు వచ్చే కాలనీలో సంపు చిన్నదైతే జూన్ నెలంతా ఫోన్ పట్టుకుని ట్యాంకర్ కోసం వేచి ఉండటమే పని. బయట తుంపర పడుతుంటే లోపల బకెట్లు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి బయటి ఊళ్లవారికి వింతగా తోచవచ్చు.

నల్లాలో వచ్చే నీటికి వేరే క్యాలెండర్ ఉంది. జలమండలి సరఫరా చేసే నీటిలో సింహభాగం కృష్ణా, గోదావరులది. నాగార్జునసాగర్ జలాశయం నుంచి కృష్ణా నీరు వంద కిలోమీటర్లు దాటి మూడు దశల పైపులైన్ల ద్వారా, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు అంతకంటే దూరం నుంచి వస్తాయి. మంజీరా, సింగూరు, జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వీటికి తోడు. సాగర్ నిండాలంటే హైదరాబాద్‌లో ఎంత వాన పడినా ప్రయోజనం లేదు. మహారాష్ట్ర, కర్ణాటకల్లోని పడమటి కనుమల్లో పడిన వాన ముందు ఆల్మట్టిని, తర్వాత నారాయణపూర్‌ను, జూరాలను, శ్రీశైలాన్ని నింపుకుంటూ రావాలి. సాగర్ వంతు వచ్చేసరికి మామూలు ఏడాదిలో ఆగస్టు అవుతుంది. జలాశయంలో నీరు 510 అడుగుల దిగువకు పోతే అక్కడి నీటిని తోడే పుట్టంగండి దగ్గర అత్యవసర మోటార్లు పెట్టి ఎత్తిపోయాల్సి వస్తుంది. 2024 వేసవిలో అదే జరిగింది. 2016 వేసవి నాటికి సింగూరు, మంజీరా అడుగంటిపోయి నగరం పూర్తిగా దూరపు నదుల మీదే బతికింది. నగర పౌరుడు ఇంటి ముందు వానను చూసి నిశ్చింత పడతాడు గానీ, అతని నల్లాను నడిపేది మహాబలేశ్వరం వైపు కొండల్లో పడే వాన.

మరి నగరం మీద పడే వాన ఏమవుతోంది? గట్టి వాన పడిన రోజు దీనికి జవాబు రోడ్ల మీదే కనిపిస్తుంది. కుతుబ్‌షాహీలు, ఆ తర్వాత అసఫ్‌జాహీలు తవ్వించిన చెరువులూ కుంటలూ గొలుసుకట్టుగా ఉండేవి. ఎగువ చెరువు అలుగు పారితే ఆ నీరు నాలా వెంట దిగువ చెరువుకు, చివరికి మూసీకి చేరేది. ఎత్తుపల్లాలు ఎక్కువగా ఉన్న రాతి నేలలో వాన నీటిని నెమ్మదింపజేసి, కొంత నేలలోకి ఇంకించే పని ఈ గొలుసుదే. శిఖం భూముల్లో, అంటే చెరువు నీరు పరుచుకునే నేలల్లో, కాలనీలు లేచి, నాలాలు సన్నబడ్డాక గొలుసు తెగింది, నీటి వాలు మాత్రం మారలేదు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడి సగం నగరం మునిగినప్పుడు నాలాల విస్తరణ అవసరమని నివేదికలు వచ్చాయి. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు కురిసింది. పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి దిగువన ఉన్న పాతబస్తీ కాలనీలు మొదటి అంతస్తు దాకా మునిగాయి. 

మూసీకి సంబంధించి ఈ నగరం ఒకసారి సరైన పని చేసింది. 1908 సెప్టెంబరు 28 వరదలో 15 వేల మంది దాకా చనిపోయారని అంచనా. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు నగరానికి ఎగువన మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవే దశాబ్దాల పాటు నగరానికి తాగునీరిచ్చాయి. వాననూ దాహాన్నీ ఒకే ఏర్పాటుతో చూసుకోవచ్చని చేసి చూపిన పని అది. వాటి పరీవాహకంలో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది, 2022లో ఆ ఆంక్షల సడలింపు మొదలైంది. 2025 సెప్టెంబరు చివరి వారంలో ఆ రెండు జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ నీరు నగరంలోని మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్) లోకి వచ్చి ప్రయాణికులను తాళ్ల సాయంతో బయటికి తీసుకురావాల్సి వచ్చింది. పైన కాంక్రీటు పెరిగేకొద్దీ జలాశయాలకు చేరే నీరు తొందరగా, ఒక్కుమ్మడిగా చేరుతుంది, గేట్లు ఎత్తేందుకు దొరికే సమయం తగ్గుతుంది.

ఒక్క ఇంటి లెక్క చూస్తే విషయం మరింత తేటపడుతుంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 80 సెంటీమీటర్ల వాన పడితే అది సుమారు 74 వేల లీటర్లు. చిందిందీ, ఆరిందీ, తొలివానకు మురికితో వదిలేసిందీ తీసేసినా 60 వేల లీటర్ల దాకా మిగులుతుంది. 5 వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. సాధారణంగా ఈ నీరు పైపులో దిగి, గేటు ముందు రోడ్డు మీదికి పోయి, నాలాను నింపుతుంది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచే ఇంకుడు గుంతలను కోరుతోంది, అనుమతుల కాగితాల్లో అవి ఉంటాయి కూడా. నేల మీద ఉన్నవాటిలో చాలా గుంతలు ఒండ్రుతో, ప్లాస్టిక్‌తో పూడిపోయి గట్టిపడ్డాయి. కొన్నింటి మీద కార్లు నిలుపుతున్నారు. గుంతలోని కంకర, ఇసుక పొరలను తీసి కడిగి మళ్లీ పోయాల్సిన కాలం మే నెల. ఆ నెలలో అపార్ట్‌మెంట్ సంఘాల డబ్బంతా ట్యాంకర్లకు పోతుంది, గుంత శుభ్రం చేయించే ఖర్చు రెండు, మూడు ట్యాంకర్లకు మించకపోయినా వాయిదా పడుతుంది. వానలు పడ్డాక గుంతలో నీళ్లు నిలిచి ఉండగా పని చేయించడం కుదరదు. పనికొచ్చే వానలు జులై మధ్య నుంచి కురుస్తాయి కనుక, జూన్ తుంపర్ల రోజులు కూడా ఈ పనికి సరిపోతాయి.

భూగర్భ జల శాఖ పరిశీలక బావుల్లో మేలో తీసిన మట్టానికీ, నవంబరులో తీసిన మట్టానికీ ఉన్న తేడాయే ఆ ఏడాది వానలో నగరం నిజంగా దక్కించుకున్నది. నగరం నడిబొడ్డున, చెరువులు మిగిలిన చోట్ల ఆ తేడా బాగానే ఉంటుంది. పడమటి శివార్లలో వాన బాగా పడిన ఏడాది కూడా బోర్లు ఫిబ్రవరి దాటకుండానే తగ్గుముఖం పడతాయి, ట్యాంకర్ల బుకింగులు అక్కడి నుంచే మళ్లీ మొదలవుతాయి.